కళాకారుడికి ఊళ్ళో చోటెక్కడ?

ఆర్టిస్ట్ రెసిడెన్సీ అనే మాట ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. ఒక పాత కోట దగ్గరో, పేరున్న గుడి ఉన్న ఊళ్ళోనో, అడవిని కాపాడే పార్కులోనో ఒక చిత్రకారుడినో రచయిత్రినో కొన్ని వారాలు ఉంచుతారు. ఉండడానికి గది, తినడానికి తిండి, చేతిఖర్చుకు కొంత డబ్బు ఇస్తారు. వాళ్ళు ఆ చోటును నిదానంగా చూసి, అక్కడి మనుషులతో మాట్లాడి బొమ్మలు వేస్తారు, పాటలు కడతారు, రాస్తారు. వెళ్ళేముందు తాము చేసినదాన్ని పదిమందికీ చూపిస్తారు. ఇది మంచి పద్ధతి. పొద్దున కారులో వచ్చి సాయంత్రం తిరిగిపోయే పర్యాటకుడికి కనిపించనిది, నెల రోజులు ఉన్నవాడికి కనిపిస్తుంది.

ఈ పద్ధతి మన ప్రాంతానికీ రావాలని మేము కోరుకుంటున్నాం. చిక్కబళ్ళాపురం జిల్లా గౌరిబిదనూరు తాలూకాలోని తొండేభావిని మధ్యలో పెట్టుకుని చూడండి. బెంగళూరు నుంచి హిందూపురం పోయే రైలుమార్గంలో తొండేభావికి ముందు మాకళిదుర్గ కొండకోట వస్తుంది. తర్వాత గౌరిబిదనూరు, దాని తర్వాత 1938లో జెండా ఎత్తబోయిన జనం మీద కాల్పులు జరిగిన విదురాశ్వత్థం. సరిహద్దు దాటితే హిందూపురం, అక్కడికి దగ్గరలోనే లేపాక్షి. ఇంకోవైపు నంది కొండ, దాని కింద భోగనందీశ్వరుడి గుడి, గుడిబండ కోట, చింతామణి తాలూకాలో కైవారం. ఇన్ని చారిత్రక స్థలాలు ఇంత దగ్గరగా ఉన్న ప్రాంతాలు ఎక్కువ ఉండవు. ఇక్కడ ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. రెండు భాషల పాటా ఒకే నోట వినిపిస్తుంది.

అయితే రెసిడెన్సీ అంటే మన భాషలో నివాసం. నివాసం అనగానే మన పల్లెల్లో మొదట పుట్టే ప్రశ్న ఒకటే: ఏ వీధిలో? ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా చారిత్రక స్థలాల్లో కళాకారులను ఉంచే పథకం ఏది వేసినా, అది పాత ఊరి గోడల మీద కొత్త రంగు పూయడమే అవుతుందని మా అభిప్రాయం.

ఈ పద్ధతి బాగా పాతుకున్నది అమెరికా జాతీయ పార్కుల్లో. అక్కడ 50కి పైగా చోట్ల కళాకారులకు నివాసం ఇస్తున్నారు. కనెటికట్ రాష్ట్రంలోని వియర్ ఫార్మ్ అనే చోటునైతే ఒక చిత్రకారుడి ఇల్లూ పొలమూ కాబట్టే జాతీయ స్థలంగా కాపాడుతున్నారు. పార్కులకూ కళాకారులకూ ఉన్న ఈ బంధం 1871లో మొదలైందని చెప్పవచ్చు. ఆ ఏడు థామస్ మొరాన్ అనే చిత్రకారుడు ప్రభుత్వ సర్వే బృందంతో కలిసి యెల్లోస్టోన్ లోయకు వెళ్ళి బొమ్మలు వేశాడు. ఆ బొమ్మలూ, అదే బృందంలోని విలియం హెన్రీ జాక్సన్ తీసిన ఫోటోలూ చూసిన చట్టసభ సభ్యులు ముచ్చటపడ్డారు. 1872లో యెల్లోస్టోన్ మొట్టమొదటి జాతీయ పార్కు అయింది. ఒక కళాకారుడి కుంచె ఒక అడవిని కాపాడింది. ఇంతవరకూ అందరూ చెప్పే కథ.

కథలో ఇంకో సగం ఉంది. ఆ లోయ షొషోని, బానక్, క్రో మొదలైన జాతుల వేటనేల. వాళ్ళు వేల ఏళ్ళుగా తిరిగిన చోటు. పార్కు వచ్చాక వాళ్ళు అక్కడ ఉండకూడని వాళ్ళయ్యారు. బొమ్మలోని జలపాతం అందాన్ని చూసి మురిసినవాళ్ళకు ఆ నేల ఎవరిదనే ప్రశ్న రాలేదు. కళాకారుడు చెడ్డవాడని మేము అనడం లేదు. అతన్ని ఎవరు పిలిచారు, ఎవరితో కలిసి వచ్చాడు, ఎవరి మధ్య ఉన్నాడు అనేవి అతని కన్ను ఎటు తిరగాలో నిర్ణయిస్తాయి. సర్వే బృందంతో వచ్చినవాడు సర్వే బృందానికి కావలసింది చూస్తాడు. కూలి ఇంట్లో బస చేసినవాడు వేరేది చూస్తాడు.

మన దేశంలో ఈ రెండో రకానికి మంచి ఉదాహరణ ఉంది. 1938 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని హరిపురా అనే పల్లెలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. పందిళ్ళను అలంకరించే పని గాంధీజీ నందలాల్ బోసుకు అప్పగించారు. నందలాల్, ఆయన శిష్యులు కలిసి 400 దాకా పటాలు తయారుచేశారు. వాటిలో ఉన్నది రాజులూ దేవతలూ కాదు. డోలు వాయించేవాడు, ఎద్దును పట్టుకున్న రైతు, బిడ్డను ఎత్తుకున్న తల్లి. మామూలు కాగితం మీద చవక రంగులతో వేశారు. సభకు వచ్చిన పల్లెజనం తమను తాము గోడల మీద చూసుకున్నారు. కొనుక్కుని ఇంట్లో పెట్టుకునే కళ కాకుండా, దారిన పోయేవాళ్ళందరికీ కనిపించే కళ అది.

సుమారు రెండు నెలల తర్వాత, అదే 1938లో, ఏప్రిల్ 25న మన విదురాశ్వత్థంలో జాతీయ జెండా ఎగరేయడానికి పల్లెజనం గుమికూడారు. మైసూరు సంస్థానం పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్ళు 30 మందికి పైనే అని ఈ ప్రాంతం గుర్తుపెట్టుకుంది. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అనే పేరు అలా వచ్చింది. తర్వాత సర్దార్ పటేల్, ఆచార్య కృపలానీ వచ్చి దివాను మీర్జా ఇస్మాయిల్‌తో మాట్లాడి ఒప్పందం కుదిర్చారు. ఇప్పుడు అక్కడ స్తూపం ఉంది, ఫోటోల ప్రదర్శనశాల ఉంది. చుట్టూ భక్తులు మొక్కుకుని నిలిపిన వందలాది నాగశిలలు ఉన్నాయి. ఆ నాగశిలలు చెక్కిన చేతుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. ఒక కళాకారుడు అక్కడ నెల రోజులు ఉంటే ముందు అడగవలసింది ఆ పేర్లే.

ఇక అసలు విషయానికి వద్దాం. కళాకారులను ఎక్కడినుంచో తెచ్చి ఇక్కడ ఉంచాలనుకునేవాళ్ళు, ఇక్కడే ఉన్న కళాకారులను ముందు చూడాలి. పిండిపాపనహళ్ళి మునివెంకటప్ప గారు మన జిల్లా వారే. తమటె వాయిద్యానికి 2023లో పద్మశ్రీ అందుకున్నారు. కన్నడంలో తమటె, మన ఇళ్ళలో తప్పెట, కోస్తాలో డప్పు. పేరు మారినా చర్మం ఒకటే, దాన్ని వాయించే వాడలూ ఒకటే. లేపాక్షికి ఆవల ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కోలారు జిల్లా మాలూరు తాలూకాలోని శివారపట్నంలో శిల్పులు ఇప్పటికీ రాతిని చెక్కుతున్నారు. కైవారంలో గాజులు అమ్ముకుని బతికిన నారాయణప్ప కొండగుహలో కూర్చుని తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు కట్టారు. ఏ ఫౌండేషనూ గది ఇవ్వకముందే ఇక్కడ కళాకారులు నివాసం ఉన్నారు.

పద్మశ్రీ గొప్ప గౌరవమే. అయితే ఒక్కరికి పతకం దక్కితే వాడ మొత్తానికి కూలి దక్కినట్టు కాదు. తప్పెట విషయంలో ఇది మరీ నిజం. తరతరాలుగా తప్పెట మన పల్లెల్లో కళగా కాదు, చాకిరిగా ఉంది. చావు దగ్గర వాయించాలి, జాతరలో వాయించాలి, ఊరి పెద్దల చాటింపు వేయాలి. వాయించనంటే కుదరదు. ఇచ్చింది పుచ్చుకోవాలి. అందుకే చాలా వాడల్లో చదువుకున్న పిల్లలు తప్పెటను ముట్టనన్నారు. దళిత ఉద్యమం కొన్నిచోట్ల చావు తప్పెటను మానేయమంది, ఇంకొన్నిచోట్ల అదే తప్పెటను ఊరేగింపు ముందు తిరుగుబాటు చప్పుడుగా మోగించింది. రెండూ సబబే. వద్దనే హక్కు ఉన్నప్పుడే వాయించడం కళ అవుతుంది.

ఇప్పుడు మన ఉత్సవాలను చూడండి. అతిథి కారు దిగగానే ముందు తప్పెట బృందం నడుస్తుంది. ఎండలో గంటసేపు వాయిస్తుంది. అతిథి వేదిక ఎక్కాక బృందం పందిరి వెనక చెట్టు కింద కూర్చుంటుంది. వేదిక మీద సంస్కృతి గురించి ప్రసంగం జరుగుతుంది. సాయంత్రానికి బస్సు చార్జీ, భోజనం, ఒక శాలువా. రేపు చారిత్రక స్థలంలో రెసిడెన్సీ వచ్చినా ఇదే జరిగే ప్రమాదం ఉంది. నగరం నుంచి వచ్చిన ఇన్‌స్టలేషన్ కళాకారుడికి నెల జీతం, తప్పెట కొట్టే వ్యక్తికి ప్రారంభోత్సవం రోజు పిలుపు. ఒకరు కళాకారుడు, ఇంకొకరు ఆ కళాకారుడికి ముడిసరుకు. ఈ తేడా ఉన్నంతకాలం దాన్ని రెసిడెన్సీ అన్నా బిట్టి చాకిరి అన్నా పెద్ద తేడా లేదు.

మా మొదటి మాట అందుకే ఇది. ఈ ప్రాంతంలో ఏ చారిత్రక స్థలంలో రెసిడెన్సీ పెట్టినా సగం చోట్లు స్థానిక కళాకారులకు ఉండాలి. తోలుబొమ్మ చేసేవారికీ, తప్పెట వాయించేవారికీ, రాయి చెక్కేవారికీ నగర కళాకారులతో సమానంగా నెలభత్యం ఇవ్వాలి. దరఖాస్తు ఇంగ్లీషులో రాసి, వెబ్‌సైటులో పెట్టి, పది పేజీల ప్రతిపాదన అడిగితే వాడనుంచి ఎవరూ రారు. తెలుగులోనూ కన్నడంలోనూ నోటితో చెప్పిన దరఖాస్తును తీసుకోవాలి. రాష్ట్రం సరిహద్దు అడ్డు రాకూడదు. తొండేభావి గాయకుడు పాడేది తెలుగు, ఆధార్ కార్డు కర్ణాటకది. అతను బెంగళూరు అకాడమీకీ విజయవాడ అకాడమీకీ మధ్యలో ఎవరికీ చెందకుండా పోకూడదు. లేపాక్షినీ విదురాశ్వత్థాన్నీ కలిపి రెండు రాష్ట్రాలూ ఒక పథకం నడపలేవా? రైలు రోజూ దాటుతున్న సరిహద్దే కదా అది.

రెండో మాట వసతి గురించి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం చేయకూడదని, ఆపైన 200 మీటర్ల దాకా అనుమతి తీసుకుని కట్టాలని 2010లో సవరించిన చట్టం చెబుతోంది. లేపాక్షి వీరభద్రుడి గుడికీ నంది గ్రామంలోని గుడికీ ఈ చట్టం వర్తిస్తుంది. పాత రాయిని కాపాడడానికి ఆ నియమం అవసరమే. అయితే దాని బరువు మోసేది ఆ పక్కన ఇళ్ళున్న ఊరివాళ్ళు. అందుకని రెసిడెన్సీ కోసం కొత్త గెస్ట్‌హౌసులు కట్టకుండా, ఊళ్ళో ఉన్న ఇళ్ళలోనే కళాకారులకు గదులు అద్దెకు తీసుకుంటే ఊరికి కొంత ఆదాయం వస్తుంది. కళాకారుడికి ఇరుగుపొరుగు దొరుకుతుంది.

సరే, ఎవరి ఇళ్ళలో? ఎవరికి అద్దెకిస్తారు? పేరు అడిగి, ఊరు అడిగి, ఆ తర్వాత మెల్లగా ఇంకోటి అడిగి గది ఖాళీ లేదనడం మన పట్నాల్లోనే మామూలు. పల్లె సంగతి చెప్పనక్కర్లేదు. మహాకవి జాషువా పద్యానికి తెలుగుదేశం చప్పట్లు కొట్టింది. ఆయన కులం తెలిశాక అదే దేశం ఆయనకు చేసిన అవమానాలు ఆయన జీవితకథ నిండా ఉన్నాయి. పద్యానికి చోటిచ్చి కవికి చోటివ్వని సంస్కృతి మనది. కాబట్టి మేము ఒక పరీక్ష పెడుతున్నాం. రెసిడెన్సీకి వచ్చిన దళిత కళాకారిణికి గుడి వీధిలో గది దొరకాలి. ఆ ఇంట్లోనే అన్నం తినగలగాలి, ఆ కొళాయి దగ్గరే బిందె పట్టుకోగలగాలి. అలాగే నగరం నుంచి వచ్చిన పైకులం కళాకారుడికి వాడలో గది తీసుకోవాలి, అద్దె వాడకు చెల్లించాలి. ఈ రెండూ జరిగిన చోట రెసిడెన్సీ నిలబడినట్టు. జరగకపోతే ఎన్ని మంచి బొమ్మలు వచ్చినా అది ఓడిపోయినట్టే.

తొండేభావి పేరులోనే బావి ఉంది. బావి దగ్గర ఎవరు ముందు, ఎవరు తర్వాత, ఎవరు అసలు రాకూడదు అనేదే మన పల్లెల చరిత్ర. 1927లో మహద్ చెరువు నీళ్ళు తాగడానికి అంబేద్కర్ గారు వేలమందిని నడిపించవలసి వచ్చింది. యోహాను సువార్తలో ప్రభువు సమరయ స్త్రీని బావి దగ్గర నీళ్ళు అడగడం మనందరికీ తెలిసిన కథే. ఆ కథ చివర్లోని ఒక చిన్న సంగతిని మనం త్వరగా దాటేస్తాం. ఆ ఊరివాళ్ళు తమ దగ్గర ఉండమని వేడుకున్నారు, ఆయన అక్కడ రెండు రోజులు ఉన్నాడు. అంటరానివాళ్ళుగా చూడబడినవాళ్ళ ఇంట్లో పడుకున్నాడు, వాళ్ళు పెట్టింది తిన్నాడు. వచ్చి బోధించి వెళ్ళడం వేరు, ఉండడం వేరు. ఆ రెండు రోజులు లేకపోతే బావి దగ్గరి మాట మాటగానే మిగిలేది.

మూడో మాట, చారిత్రక స్థలం అంటే ఏది? కోట, గుడి, స్తూపం ఉన్న చోటేనా? చింతామణి తాలూకాలో కంబాలపల్లి ఉంది. 2000 మార్చి 11న అక్కడ ఏడుగురు దళితులను ఇంట్లో పెట్టి తగలబెట్టారు. 2006లో విచారణ కోర్టు నిందితులను విడిచిపెట్టింది, 2014లో హైకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. లేపాక్షి బస్సు ఎక్కే పర్యాటకులను కంబాలపల్లికి ఎవరూ తీసుకుపోరు. కానీ ఈ ప్రాంతం చరిత్ర రాస్తే ఆ ఊరు లేకుండా రాయగలమా? 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసిన తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న కొత్తది కాదు. చుండూరులో చనిపోయినవారిని ఊరి మధ్యలోనే సమాధి చేసి ఆ నేలకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. అది కూడా ఒక చారిత్రక స్థలమే. ప్రభుత్వం ప్రకటించినది కాదు, బాధితులు నిలబెట్టుకున్నది.

అలాంటి చోట్లకు కళాకారులు పోవాలా? పిలిస్తే పోవాలి. పిలవకపోతే పోకూడదు. దుఃఖం బొమ్మలు వేసుకునేవాళ్ళ కోసం తెరిచిపెట్టిన ప్రదర్శన కాదు. ఆ కుటుంబాలు ఒప్పుకుంటే, ఏం చూపాలో ఏం చూపకూడదో వాళ్ళే చెబితే, తయారైన బొమ్మ మీదా పాట మీదా వాళ్ళకు హక్కు ఉంటే, అప్పుడు కళ న్యాయానికి సాక్షిగా నిలబడుతుంది. కోర్టు మూసేసిన ఫైలును ఒక పాట తెరిచి ఉంచగలదు.

డబ్బు ఎక్కడిదని అడుగుతారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఆ ఖర్చుకు చట్టం చూపిన పనుల్లో చారిత్రక కట్టడాల రక్షణ, సంప్రదాయ కళలూ చేతిపనుల అభివృద్ధి స్పష్టంగా ఉన్నాయి. తొండేభావిలోనే సిమెంటు కర్మాగారం ఉంది, చుట్టూ పరిశ్రమలున్నాయి. కట్టడాలను కంపెనీలు దత్తత తీసుకునే కేంద్ర పథకం 2017 నుంచి ఉంది. 2018లో దాల్మియా భారత్ కంపెనీ ఐదేళ్ళకు 25 కోట్లతో ఎర్రకోటను తీసుకున్నప్పుడు దేశమంతా వాదించుకుంది. ఆ వాదన కంపెనీ పేరు గోడ మీద ఎంత పెద్దగా ఉండాలనే దగ్గర ఆగిపోకూడదు. ఆ డబ్బులో ఎంత రాయికి పోతోంది, ఎంత ఆ రాయి పక్కన బతికే మనిషికి పోతోంది అని అడగాలి.

ఇంకొక అభ్యంతరం మన సంఘాల్లోనే వినిపిస్తుంది. బోరుబావుల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగే జిల్లా ఇది, వానలు లేని నేల ఇది, ఇక్కడ కళాకారుల నివాసాలు ఎందుకు, ముందు నీళ్ళూ కూలీ చూడండి అంటారు. ఆ కోపం మాకు అర్థమవుతుంది. కానీ తప్పెట వాయించే మనిషికి నెలభత్యం అడగడం కూలి గురించి అడగడమే. తోలుబొమ్మల కుటుంబానికి అద్దె ఆదాయం వస్తే అది బతుకు గురించే. పైగా పేదలకు అన్నం చాలు, అందం అక్కర్లేదు అనే మాట ఎప్పుడూ అన్నం నిండుగా ఉన్నవాళ్ళే అంటారు. నిర్గమకాండంలో దేవుని ఆత్మతో నిండినవాడని చెప్పింది చేతిపనివాడైన బెసలేలు గురించి. అతను పనిచేసింది బానిసత్వం నుంచి అప్పుడే బయటపడి ఎడారిలో నడుస్తున్న జనం మధ్య. వాళ్ళకూ నీళ్ళు చాలలేదు. అయినా వాళ్ళ మధ్య కళకు చోటుంది.

ఇందులో మన చర్చిలు చేయగలిగింది చాలా ఉంది. బెంగళూరు ఉత్తరాన సిల్వేపురలో చిత్రకారుడు జ్యోతి సాహి 1980ల్లోనే ఒక ఆర్ట్ ఆశ్రమం నెలకొల్పి, క్రైస్తవ కళ ఈ నేల రంగుల్లో ఉండాలని చూపించారు. డప్పునే క్రీస్తు గుర్తుగా చూడవచ్చని వేదాంతి సత్యనాథన్ క్లార్క్ 1998లో వచ్చిన పుస్తకంలో వాదించారు. ఈ ఆలోచనలు సెమినరీల దాకా వచ్చాయి, పల్లె చర్చి గుమ్మం దాకా ఇంకా రావాలి. లండన్ మిషన్ కాలం నుంచి చిక్కబళ్ళాపురం చుట్టూ, సరిహద్దుకు ఆవలా మిషన్ కాంపౌండ్లున్నాయి. పాత బంగళాలు, హాస్టళ్ళు ఉన్నాయి. వాటిలో ఖాళీగా ఉన్న ఒక్క గదిని తప్పెట కళాకారుడికీ, ఒక్క గదిని తోలుబొమ్మల కుటుంబానికీ, ఒక్క గదిని నగరం నుంచి వచ్చే యువ చిత్రకారిణికీ మూడు నెలలు ఇవ్వడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు. ఆదివారం ఆరాధనలో తప్పెటకు చోటివ్వడానికి ఏ నిధులూ అక్కర్లేదు. గుడి వీధిలో గది అడిగే హక్కు మనకు రావాలంటే ముందు మన తలుపు తెరిచి ఉండాలి.

పర్యాటక శాఖలకూ, అకాడమీలకూ, కంపెనీలకూ మేము చెప్పేది సూటిగా ఇదే. చారిత్రక స్థలాలకు కళాకారులను పిలవండి, సంతోషం. పిలిచేముందు ఆ స్థలం పక్కన ఉన్న వాడకు వెళ్ళి అక్కడి కళాకారులతో కూర్చోండి. భత్యం సమానంగా పెట్టండి. ఎవరు ఎక్కడ ఉంటారో, ఏ కొళాయి నీళ్ళు తాగుతారో కాగితం మీద రాసి, పంచాయతీ ముందు చదివి వినిపించండి. ఎంపిక కమిటీలో వాడ మనుషులను, ముఖ్యంగా ఆడవాళ్ళను కూర్చోబెట్టండి. ఇవి కళ స్వేచ్ఛకు సంకెళ్ళు కావు. కళాకారుడు ఏం వేయాలో మేము చెప్పడం లేదు. అతను వేసే బొమ్మ ముందు నిలబడి చూసే హక్కు, ఆ బొమ్మను వేసే హక్కు, వేస్తూ ఆ ఊళ్ళో కంటినిండా నిద్రపోయే హక్కు అందరికీ ఉండాలంటున్నాం.